నడివీధి ద్వీప విజయము

వినుడు, వినుడు! ఓ పాదచారులారా, ద్విచక్రవాహన ధురంధరులారా, బస్సు మెట్టుపై ఒంటికాలి తపస్సు చేయు మహానుభావులారా, కారులో ఏసీ వేసుకొని లోకమును తిట్టు పుణ్యపురుషులారా, అందరును వినుడు! సహస్రకిరణుడు నీళ్ళట్యాంకుల వరుస వెనుకనుండి తొంగిచూచి, క్రింద పొంగి పొరలు వాహనసముద్రమును గాంచి, ఈ రోడ్డు దాటి పడమటికి ఎట్లు పోవుదునా అని ఒక్క క్షణము జంకిన శుభోదయమున, హారన్ల రణభేరులతో, బ్రేకుల కీచురవములతో, ధూమమేఘ పరంపరలతో అహోరాత్రములు ప్రవహించు మా పేట మెయిన్ రోడ్డు అను మహానది నడుమ జరిగిన ఒకానొక ఘోరసంగ్రామమును గానము చేయబూనితిని. గొంతు బాగోలేదు. అయినను ఆగను.

ఈ గాథకు నాయకుడెవరందురా? కొలతటేపు ఖడ్గధారియు, రంగుపెన్సిళ్ళ తూణీరధరుడును, నగరపాలక వీధుల విభాగమున ఫ్యాను క్రింది కుర్చీని పోరాడి గెలిచిన ప్రతాపశాలియు, రెండంతస్తులెక్కునప్పటికి నోట నురుగు వచ్చు మహాబలుడును అగు రోడ్ల ఇంజినీరు! ఆయన గుణగణములు ఈ కవికింత బాగుగా ఎట్లు తెలిసినవని మీకు సందేహము కలుగవచ్చును. ఆయన నేనే. నన్ను పొగడువాడు ఇంటా బయటా ఒక్కడును దొరకనందున ఆ పని కూడ నేనే పెట్టుకొంటిని. అయినను మర్యాద కొరకు ఇకమీదట వీరుడనియే పిలుచుకొందును.

ఆ మహానదికి తూర్పుగట్టున, మూడవ అంతస్తులో వీరుని ఇల్లు. అందు ఆయన శ్రీమతియు, ఆమె తల్లియగు అత్తగారును. పడమటిగట్టున, సరిగా ఎదురుగా, రెండవ అంతస్తులో అత్తగారి అక్క. ఆమెను ఇంటిల్లిపాదియు పెద్దత్త అందురు. ఒకరి జడ ఒకరు అల్లుకొని, ఒకే దుప్పటి కొరకు కొట్టుకొని పెరిగిన తోబుట్టువులు వారు. ఎదురెదురుగా ఉండవలెననియే ఏరికోరి ఆ ఇండ్లు తీసుకొనిరి. కాని అత్తగారి మోకాలికి ఆపరేషను జరిగిన నాటినుండి ఒక్క ఊపున రోడ్డు దాటుట ఆమె వల్ల కాకుండెను. పెద్దత్తకు చూపు మందగించి, వచ్చు బండి దూరముననున్నదో మీదికే వచ్చుచున్నదో తెలియకుండెను. ఒకసారి కూతురు చేయి పట్టుకొని దాటించబోగా నడిరోడ్డున అత్తగారి మోకాలు ఆగిపోయెను. బండ్లు మాత్రము ఆగలేదు. ఆ వణుకు ఆమెకు వారము రోజులు తగ్గలేదు. అల్లుని కారులో పోవచ్చును గదా అందురేమో! నడుమ ఎక్కడను బండి మళ్ళించు వీలు లేక, ఎదురింటికి పోవుటకు ఊరి చివరి వంతెనదాక పోయి తిరిగి రావలెను, పైగా అడిగినప్పుడెల్ల అల్లునికి మీటింగు.

కావున ప్రతిదినము పొద్దున్నే అక్కచెల్లెండ్రిద్దరును తమ తమ బాల్కనీలలో కుర్చీలు వేసికొని, ఫోను చెవినబెట్టుకొని, ఒకరికొకరు చేతులూపుకొనుచు మాట్లాడుకొనుచుండిరి.

“పచ్చగా ఏదో ఊగుతోందే. నువ్వేనా, ఆరేసిన దుప్పటా?” అని అక్క.

“నేనే. దుప్పటి నీతో ఇంతసేపు మాట్లాడుతుందా?” అని చెల్లెలు.

చెల్లెలు నవ్వుచునే ఉండును. ఫోను పెట్టిన పిమ్మట మాత్రము చాలసేపు కుర్చీలోనుండి లేవదు. అక్క కళ్ళు మరికొంత మసకబారకముందే ఒక్కసారి ఎదురుగా కూర్చొని తన ముఖము చూపవలెనని ఆమె కోరిక. అంతకుమించి ఏమియు లేదు.

ఒకనాడు కాఫీ కప్పు అందించుచు ఆ వృద్ధసింహి అల్లునిపై వాగ్బాణము సంధించెను: “అల్లుడుగారూ, ఊళ్ళో రోడ్లన్నీ మీ చేతిలోనే ఉన్నాయని పెళ్ళిచూపులప్పుడు చెప్పారు. ఈ ఒక్కటీ ఎవరి చేతిలో ఉందో కాస్త కనుక్కుని చెప్పండి. వెళ్ళి వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. నా మోకాలు వంగితే.”

వీరునికి తల తీసేసినట్లయ్యెను. అప్పుడు శ్రీమతి మెల్లగా అనినది: “అమ్మకి రోడ్డంతా అక్కర్లేదండీ. మధ్యలో ఊపిరి తీసుకోడానికి కాస్త చోటుంటే చాలు.”

ఆ మాట వీరుని గుండెలో సూటిగా దిగెను. తటాలున లేచి, వంటగది గట్టుపై పిడికిలి మోపి, ప్రళయకాల మేఘగంభీర స్వరమున ఆయన ప్రతిజ్ఞ చేసెను: “విను ధర్మపత్నీ! వినుడు అష్టదిక్కులారా! ఏ రహదారి నా వంశపు పెద్దలను రెండుగట్ల విడదీసినదో, ఆ రహదారి వెన్ను వంచి, వేగము నడ్డి విరిచి, కాలినడకవారికి కాలిబాటయు, సైకిలువారికి సైకిలుబాటయు, బస్సెక్కువారికి నీడగల స్టాపును కల్పించి, నడిమధ్యన ఒక అభయద్వీపమును మొలిపింపనేని, నేను ఇంజినీరును కాను, నా కొలతటేపు కొలతటేపు కాదు!”

“పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టెయ్యండి,” అనెను ధర్మపత్ని.

అటుపిమ్మట వీరుడు రాత్రింబవళ్ళు శ్రమించి (రాత్రులు నిద్రపోయెననుకొనుడు) ఒక పటమును లిఖించెను. ఆహా, ఏమి పటమది! కార్ల దారులు సన్నబడి, వాటి ప్రక్క లేతనీలపు సైకిలుబాట. స్టాపు వద్ద బస్సు ముందుకు వచ్చి ఆగుటకు గట్టు. తూర్పు కాలిబాట కాస్త ఉబ్బి రోడ్డులోనికి వచ్చినచోట చారలు, ఆ చారల నడుమ, రెండు దిక్కుల ప్రవాహముల మధ్య, ముత్యమువంటి చిన్న ద్వీపము. సగము దాటి అక్కడ నిలిచి, ఊపిరి పీల్చి, మిగిలిన సగము దాటవచ్చును. చిత్రసౌందర్యము చెడునని వీరుడు దానిపై దుకాణముల పేర్లు వ్రాయలేదు. మూలన ఉత్తరదిక్కు చూపు చిన్న బాణము మాత్రము గీసెను. ఈ సంగతి గుర్తుంచుకొనుడు, కొంప ముంచినది అదియే.

పై అధికారి పటమును చూచి, ఆవలించి, ఆజ్ఞాపించెను: “పేటవాళ్ళు ఒప్పుకుంటే ఒక్కరోజు రంగూ ప్లాస్టిక్ దిమ్మెలూ పెట్టి చూడండి. గొడవ లేకపోతే కాంక్రీటు వేద్దాం. గొడవైతే సాయంత్రానికి ఎత్తేసి, మళ్ళీ ఈ రోడ్డు పేరు నా దగ్గర ఎత్తకండి.”

ఇక సభాపర్వము. బడిలో ఒకటవ తరగతి గది. మహారథులందరును చిట్టి బెంచీలలో మోకాళ్ళు గడ్డములకు తగులునట్లు కూర్చొనిరి. పేట వర్తకులలో అగ్రగణ్యుడు, తూర్పువైపు పరుపుల షాపు యజమాని, బెంచీలో దిగెను గాని ఇక పైకి వచ్చు మార్గము కానరాకుండెను. పడమటివైపు ఎదురుగా గిన్నెల షాపు నడుపు ఆయన స్వంత బావమరిది గది ఆ చివరన కూర్చొనెను. ఏదో పెళ్ళిలో భోజనానికి పిలుచుట ఆలస్యమైనదని బావా బావమరుదులకు ఏళ్ళ తరబడి మాటలు లేవు. ఇద్దరి షాపుల ముందును బండ్లు ఆగును. పటము ప్రకారము ఒక్కవైపున, ద్వీపమునకు దారి ఇచ్చువైపున, ఆ చోటు పోవును. అది తూర్పు, అనగా పరుపులాయన వైపు. ఆయనను ఒప్పించుట సింహము నోట చేయి పెట్టుటయేనని తలచి వీరుడు ఆ ఉదయము చెమటతో తడిసియుండెను. అట్లు తడిసిన చేతులతోనే పటమును గోడకు తగిలించెను.

“ఓ పేట పెద్దలారా!” అని వీరుడు గర్జించెను. “రహదారి అనునది ఎవని సొత్తు? పరుగెత్తువానిదేనా? కుంటుచు వచ్చువానిది కాదా? ఇదిగో, ఈ ఎర్రరంగు వేసిన చోట బండ్లు ఆగరాదు. ఒక్కవైపు వర్తకులు ఈ చిరుత్యాగము చేసినచో పసిపిల్లలును, వృద్ధులును, సైకిలు వీరులును...”

“నేనూ,” అనెను ఇంటింటికి సైకిలుపై తిరిగి లెక్కలు చెప్పు టీచరమ్మ. “నిన్న ఎవరో కారు తలుపు తీస్తే డ్రైనేజీలో పడ్డాను.”

పరుపులాయన పటమును తేరిపార చూచెను. ఎర్రరంగు పడమటివైపున ఉన్నది! ఆయన ముఖమున పూర్ణచంద్రుడు ఉదయించెను. బెంచీతో సహా సగము లేచి, గది ఆ చివరకు ఓరగా చూచుచు పలికెను: “పేట కోసం ఆమాత్రం వదులుకోలేమా అండీ? ముసలివాళ్ళున్నారు, పిల్లలున్నారు. షాపు ముందు నాలుగు బళ్ళు ఆగకపోతే కొంప మునిగిపోతుందా? మనిషన్నాక కాస్త పెద్ద మనసుండాలి!”

“చెప్పడం తేలికే,” అని గొణిగెను గిన్నెలాయన. కాని పరుపులాయన వాగ్ధాటి ముందు సభ అంతయు తలలూపెను. “సరే, కానివ్వండి. అందరూ ఒక్కటయ్యాక నేనొక్కణ్ణి ఏం చేస్తాను,” అని ఆయన కూడ చేయెత్తెను. ఏకగ్రీవము! వీరుడు ఇంటికి పోవుచు త్రోవపొడవునను తన ప్రసంగమును తానే మెచ్చుకొనుచు, ప్రతి అద్దాల షాపు ముందును ఒకసారి ఆగి రొమ్ము విరిచి చూచుకొనెను.

ఇక యుద్ధదినము. సెలవురోజు ప్రాతఃకాలమున నగరపాలకవారి లారీ నారింజరంగు దిమ్మెలతో అరుదెంచెను. వీరుడు టోపీ ధరించి, విజిల్ మెడలో వేసికొని, రణరంగమధ్యమున నిలిచెను. దిమ్మెలు దింపబోగా మేస్త్రీ కేకవేసెను: “సార్, సరిగ్గా మన గుర్తు మీద ఎవడో కారు పెట్టి పోయాడు. వీడికి బుద్ధుందా అసలు?”

వీరుడు చూచెను. ఆ కారు ఆయనకు బాగుగా పరిచయము. “లేదు,” అని ఒప్పుకొని, జేబులోనుండి తాళము తీసెను. ఇన్నాళ్ళును అత్తగారి దారికి అడ్డుగా ప్రతిరాత్రియు అక్కడ నిలిచిన శత్రువు తన వాహనమేనని ఎరుగక, ఊరినంతయు తిట్టిపోసిన ఆ ధీరునికి నా సానుభూతి.

కారు కదలెను. దిమ్మెలు వరుసతీరెను. చారలు పడెను. నడిరోడ్డున ద్వీపము అవతరించెను. అంతలో పరుపుల షాపు షట్టరు భూకంపమువలె ధ్వనించుచు పైకి లేచెను.

“ఏంటండీ ఇది? నా షాపు ముందు పెడుతున్నారేంటి?”

“పటంలో చూపించాను కదండీ, మీరే ఒప్పుకున్నారు.”

“పటంలో అటువైపు కదా!”

వీరుడు పటమును విప్పెను. నాడు బడిలో గోడపైన ఉత్తరపు బాణము పైమూలన ఉండవలసినది, క్రిందిమూలన నేలచూపులు చూచుచుండిన దృశ్యము ఆయన కళ్ళకు కట్టెను. పటమును తలక్రిందులుగా తగిలించిన మహాశిల్పి ఎవరయ్యా అనగా, తడిచేతుల వీరుడే. ఒక్క క్షణము, మీరు సరిగా చూడలేదని దబాయింపవలెనని నాలుక చివరివరకు వచ్చెను. తలెత్తి చూడగా మూడవ అంతస్తు బాల్కనీలో అత్తగారు చేతికర్ర పట్టుకొని, చెప్పులు వేసికొని, సిద్ధముగా నిలిచియుండెను. ఆమె ముందు అబద్ధము పెగలలేదు.

“తప్పు నాదేనండీ. పటం తలకిందులుగా పెట్టాను.”

“అంటే నేను అంతసేపు వదిలెయ్యమని గొంతు చించుకున్నది నాదేనా?”

పడమటిగట్టునుండి అట్టహాసమొకటి వినవచ్చెను. గిన్నెలాయన షాపు మెట్టుపై చతికిలబడి కడుపు పట్టుకొని నవ్వుచుండెను. “బావా! మనిషన్నాక కాస్త పెద్ద మనసుండాలి బావా! కొంప మునిగిపోతుందా?” ఏళ్ళ తరువాత ఆ నోట బావా అను పిలుపు అదే మొదటిసారి.

పరుపులాయన కోపాగ్ని మిన్నంటెను. “నవ్వరా నవ్వు! గిన్నె కొన్నవాడు సంచిలో వేసుకుపోతాడు. పరుపు కొన్నవాడు నెత్తిన పెట్టుకుని బస్సెక్కుతాడా?” అని షాపులోనికి దూకి, తన ఆయుధాగారమున మిక్కిలి వెడల్పైన డబుల్ పరుపును ఈడ్చుకొని వచ్చి, దిమ్మెల నడుమ ద్వీపముపై దభాలున పడవేసి, దానిపై వెల్లకిల పరుండెను. “మీ పై అధికారి వచ్చి ఇవన్నీ ఎత్తించేదాకా లేవను. ఇది నా నిరసన!”

వీరుని పైప్రాణములు పైననే పోయెను. గొడవ! ఒక్క ఫోను పోయెనా, సాయంత్రమునకు ద్వీపము మునిగిపోవును, అక్కచెల్లెండ్రు ఎప్పటివలె ఎదురెదురు బాల్కనీలలోనే మిగిలిపోవుదురు. వీరుడు విజిల్ ఊదబోయెను. ఊపిరి చాలలేదు.

అయితే చిత్రము చూడుడు! నడిరోడ్డున పరుపుమీద ఒక పెద్దమనిషి పరుండియుండగా ఏ డ్రైవరు మాత్రము వేగముగా పోగలడు? కార్లు నత్తనడక పట్టెను. మోటారుసైకిళ్ళు పరుపును ప్రదక్షిణించి పోయెను. టీచరమ్మ తన నీలిబాటలో గంట కొట్టుకొనుచు దర్జాగా సాగిపోయెను. బస్సు వచ్చి ఆగెను, డ్రైవరు తల బయట పెట్టి, “ఏం సార్, స్లీపర్ స్టాపు పెట్టారా?” అనెను. హారన్లు ఒక్కటొక్కటిగా సద్దుమణిగెను. ఎన్నడును వినబడని శబ్దమొకటి ఆ రోడ్డుపై వినబడెను: చేతికర్ర చప్పుడు.

అత్తగారు వచ్చుచుండెను! కూతురి భుజమునానుకొని, ఉబ్బిన కాలిబాటను దిగి, చారలపై ఒక్కొక్క అడుగే వేయుచు, రణరంగమునకు పోవు పట్టపుటేనుగువలె, కాదు, మోకాలినొప్పిగల పెద్దావిడవలెనే, ఆమె వచ్చుచుండెను. సరిగా నడిమధ్యకు వచ్చునప్పటికి ఆ మోకాలు ఎప్పటివలెనే ఆగిపోయెను. ఈసారి అక్కడ పరుపున్నది.

“నాయనా, కాస్త కాళ్ళు ముడుచుకో. కూర్చోవాలి.”

“ఇది నిరసన అండీ!” అనెను పరుపులాయన.

“చెయ్యి నాయనా, కూర్చుని చెయ్యి. నేనేం అడ్డం రాను,” అని ఆమె ఒక్క నిట్టూర్పుతో కూలబడెను. పిమ్మట ఫోను తీసెను. పడమటి బాల్కనీవైపు చేయి ఊపెను. “అక్కా, కిందికి దిగు. సగం నేనొచ్చాను. మిగతా సగం నువ్వు రా.”

పెద్దత్త దిగివచ్చి గట్టున నిలిచి, కాలు ముందుకు వేయలేక తడుముకొనుచుండెను. అప్పుడు గిన్నెలాయన నవ్వు ఆపి, లేచి, “పట్టుకోండమ్మా,” అని చేయి అందించెను. ఒక చేతితో ఆమెను నడిపించుచు, రెండవచేయి అడ్డముగా చాచి బండ్లనాపుచు ఆయన ద్వీపమువరకు తెచ్చెను. పెద్దత్త పరుపు తడుముకొని కూర్చొని, చెల్లెలి ముఖమును రెండుచేతులతో పట్టుకొని, తన కళ్ళకు దగ్గరగా తెచ్చుకొని చూచెను. చాలసేపు చూచెను.

“దుప్పటి కాదుగా,” అనినది. తరువాత చెల్లెలి తల నిమిరెను. “జుట్టు ఇంత నెరిసిపోయిందేంటే నీకు? నాకు చెప్పనేలేదు.”

“రోజూ ఫోన్లో అదొకటి చెప్పాలా,” అని చెల్లెలు ఏడ్చుచునే కసిరెను. శ్రీమతి మొగము పక్కకు తిప్పుకొనెను. పరుపులాయన లేచి కూర్చొని, కాళ్ళు ముడుచుకొని, ఒక మూలకు సర్దుకొనెను.

వీరుడు ఆయన ప్రక్కన గొంతుకూర్చొని, అలంకారములన్నియు విడిచి, మామూలు మనిషివలె అడిగెను: “మీరన్నది నిజమేనండీ. పరుపు నెత్తిన మోసుకెళ్ళలేరు. మీ షాపు పక్క సందు మొదట్లో సామాను బండి ఆగడానికి ఒక చోటు గీస్తాను. ఇంకెవరూ అక్కడ పెట్టకూడదు. సరేనా?”

“గీసేటప్పుడైనా పటం సరిగ్గా పట్టుకుంటారా?”

“మీరే పట్టుకోండి. నేను గీస్తాను.”

ఆ క్షణమున బస్సు కిటికీలోనుండి ఎవరో అరచిరి: “పెద్దమ్మా, పరుపు మెత్తగా ఉందా?” “హాయిగా ఉంది నాయనా, నడుం నొప్పే తెలీట్లేదు,” అనెను అత్తగారు. పరుపులాయన చెవులు నిక్కబొడుచుకొనెను. అప్పుడే వీరుని జేబులో ఫోను మ్రోగెను. పై అధికారి! వీరుడు ఎత్తబోవునంతలో పరుపులాయనయే ఫోను లాగుకొనెను.

“గొడవా? గొడవేం లేదు సార్. అందరం కూర్చున్నాం.” ఫోను తిరిగి ఇచ్చుచు, బావమరిదివైపు చూడకుండ, “కూర్చోరా నువ్వు కూడా, చోటుంది,” అనెను.

జయము! జయము! కోటలు కూల్చినవారు కలరు, రాజ్యములు గెలిచినవారు కలరు. కాని పొగతో, హారన్లతో, వేగమదాంధులతో నిండిన మహానదీమధ్యమున, తలక్రిందులైన పటముతో, చాలని ఊపిరితో, ఒక డబుల్ పరుపంత నేలను గెలిచిన వీరుడు ముల్లోకములను గాలించినను మరొకడు దొరకడు! ఈ మాటలనే ప్రజలకు వినిపింపబూని వీరుడు ద్వీపాగ్రమున నిలిచి, కుడిచేయి ఆకాశమునకెత్తి, “ఓ పేట ప్రజలారా!” అని ఆరంభించెను.

“అల్లుడుగారూ,” అనెను అత్తగారు. “ఆ చెయ్యి అలాగే ఉంచండి. అక్క కళ్ళలో ఎండ పడుతోంది.”

వీరుడు నోరు మూసికొని అట్లే నిలిచెను. అరచేతంత నీడ పెద్దత్త ముఖముపై పడెను. ఆమె కళ్ళు తెరచి చెల్లెలిని మరల చూచుకొనసాగెను. వీరుని చేయి నొప్పిపుట్టెను, భుజము లాగెను, టోపీ జారి ముక్కుపై కూర్చొనెను. చేయి మాత్రము దించలేదు.